సముద్రం చూద్దాం... షరతులు చదివాక!

ఓడలో విహారయాత్ర అనగానే అలలు, వెన్నెల, ఆటపాటలు కళ్లముందు కదులుతాయి. గది ఎలాంటిది, భోజనంలో ఏది ఉచితం, ఒంట్లో బాగోలేకపోతే ఖర్చెవరిది అన్న ప్రశ్నలు మాత్రం బిల్లు చేతికొచ్చాకే గుర్తొస్తాయి. ముందే తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, సంతోషమూ మిగులుతుంది.

నాగసముద్రం, బుక్కరాయసముద్రం, భోగసముద్రం... రాయలసీమలో సముద్రాలకు కొదవలేదు. కాకపోతే వాటిలో కొన్ని ఊళ్లు, కొన్ని చెరువులు! చెరువు తవ్వించి దానికి సముద్రమని పేరు పెట్టుకున్న నేల ఇది. వాన తక్కువ. చెరువు మరువ పారిందంటే పిల్లాపాపలతో వెళ్లి చూసొస్తారు. అలాంటిచోట పుట్టి పెరిగినవాళ్లకి ఎటు చూసినా నీళ్లే కనిపించే ఓడ మీద నాలుగు రోజులు గడపడమంటే... ఆ మాటే ఓ పండుగ.

ఆ పండుగ ఇప్పుడు మరీ అందనంత దూరంలో లేదు. 2005లో 'సూపర్‌స్టార్ లిబ్రా' ముంబయి కేంద్రంగా తిరగడం మొదలుపెట్టినప్పుడు అది కొద్దిమంది ముచ్చట. 2019లో 'జలేశ్' సంస్థ 'కర్ణిక' అనే ఓడను తెచ్చింది, కరోనా దెబ్బకి 2020లో మూతపడింది. 2021 సెప్టెంబరులో కార్డీలియా సంస్థ 'ఎంప్రెస్'తో రంగంలోకి దిగింది. 2022 జూన్‌లో ఆ ఓడ చెన్నై నుంచి విశాఖకీ వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో ఇలాంటి ఓడల కోసమే దాదాపు రూ.96 కోట్లతో కట్టిన టెర్మినల్ ప్రారంభమైంది. ఇక సింగపూర్ వెళ్లి అక్కడ ఓడెక్కేవాళ్లు సరేసరి. వాళ్లకు విమానం బెంగళూరులోనే దొరుకుతుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... మూడూ బెంగళూరు రైలు మార్గంలోని ఊళ్లే. పిల్లలు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తుంటారు. అమ్మానాన్నల షష్టిపూర్తికో, పెళ్లిరోజుకో ఏదైనా కొత్తగా చేద్దామనుకుంటారు. సెల్‌ఫోన్‌లో ఓ ప్రకటన కనిపిస్తుంది... 'మనిషికి ఇంత నుంచి మొదలు' అని. ఆ 'నుంచి' అన్న మాట దగ్గరే ఆగాలి. అసలు కథంతా దాని వెనకే ఉంటుంది.

కిటికీ ఉందా... లేదా?

'ఎంప్రెస్' పొడవు 211 మీటర్లు. అంటే దాదాపు తొమ్మిది రైలు పెట్టెల్ని వరసగా పెట్టినంత. పదకొండు అంతస్తులు, ఎనిమిది వందలకు దగ్గరగా గదులు. అంత పెద్ద ఓడలో మన గది మాత్రం చిన్నదే. చాలా ఓడల్లో మామూలు గది 120 నుంచి 170 చదరపు అడుగులు ఉంటుంది. ధర్మవరంలో మగ్గం వేసుకున్న గది కన్నా పెద్దదేమీ కాదు. అందులోనే మంచాలు, బీరువా, చిన్న బాత్రూమ్.

గదులు ప్రధానంగా నాలుగు రకాలు. ఓడ లోపలివైపు ఉండేవి ఇంటీరియర్ గదులు. వీటికి కిటికీ ఉండదు. ప్రకటనలో కనిపించే చవక ధర చాలాసార్లు వీటిదే. రెండోది ఓషన్ వ్యూ. దీనికి కిటికీ ఉంటుంది గానీ తెరుచుకోదు. మూడోది బాల్కనీ ఉన్న గది. నాలుగోది సూట్. 'సముద్రం కనిపిస్తుంది' అన్నా మధ్యలో లైఫ్‌బోటు అడ్డొచ్చే గదులూ ఉంటాయి. వాటికి ధర కాస్త తక్కువ. ఆ సంగతి చిన్న అక్షరాల్లో రాసుంటుంది.

రాత్రి పడుకోవడానికి తప్ప గదిలో ఉండం అనుకునేవాళ్లకి లోపలి గది చాలు. మిగిలిన డబ్బుతో మరో రోజు తిరగొచ్చు. మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు గదిలోనే ఉండే పెద్దవాళ్లకి మాత్రం కిటికీ ఉంటేనే మంచిది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో 'డైమండ్ ప్రిన్సెస్' ఓడను కరోనా వల్ల ఆపేశారు. 3,700 మందికి పైగా ఉన్న ఆ ఓడలో 700 మందికి పైగా వ్యాధి సోకింది. ప్రయాణికులు రెండు వారాలు గదులకే పరిమితమయ్యారు. కిటికీ లేని గదుల్లోని వాళ్లను గాలి కోసం విడతలవారీగా డెక్ మీదకు పంపాల్సి వచ్చింది. అలాంటిది మళ్లీ జరుగుతుందని కాదు. కిటికీ విలువేంటో మాత్రం ఆ ఓడ చెప్పింది.

ధర చూసేటప్పుడు ఇంకోటి. 'మనిషికి' అంటే ఒక గదిలో ఇద్దరుంటే ఒక్కొక్కరికి అని అర్థం. ఒంటరిగా వెళ్తే చాలా సంస్థలు రెండో మనిషి డబ్బులూ వసూలు చేస్తాయి. అదే గదిలో మూడో, నాలుగో మనిషికి కాస్త తగ్గిస్తాయి. అయితే వాళ్లు పడుకోవాల్సింది గోడ నుంచి దింపే పై బెర్తు మీద. అరవై దాటినవాళ్లకి అది కుదరని పని.

ఓడ ఊగితే కడుపులో తిప్పుతుందని భయపడేవాళ్లు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో గది అడగాలి. ఉయ్యాలకు కొసన కూర్చున్నప్పటికీ మధ్యలో కూర్చున్నప్పటికీ ఉన్న తేడానే ఇక్కడా. డ్యాన్సు హాలు కింద, వంటగది పైన ఉన్న గదులైతే రాత్రి నిద్ర కష్టం. గది నంబరు తెలిస్తే సంస్థ వెబ్‌సైట్‌లోని ఓడ పటంలో పైనేముందో, కిందేముందో చూసుకోవచ్చు. 'గది నంబరు మేమే తర్వాత ఇస్తాం' అనే చవక టికెట్‌కి ఆ వీలుండదు.

సామాన్లు సర్దేటప్పుడూ జాగ్రత్త. ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి... చాలా ఓడలు వేటినీ రానివ్వవు. నడిసముద్రంలో ఓడకి నిప్పు కన్నా పెద్ద శత్రువు లేదు. అందుకే గదిలో దీపం, అగరొత్తులు కూడా వెలిగించకూడదు. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకోందే కాఫీ తాగనివాళ్లు ఈ నాలుగు రోజులూ మనసులోనే దీపం పెట్టుకోవాలి.

వడ్డించేది వాళ్లే... లెక్కించేదీ వాళ్లే

'భోజనం టికెట్‌లోనే' అంటారు. నిజమే. బఫే హాలు, ప్రధాన భోజనశాల టికెట్‌లో కలిసే ఉంటాయి. పొద్దున టిఫిన్ నుంచి రాత్రి భోజనం దాకా ఎంత తిన్నా ఎవరూ అడగరు. కానీ అదే ఓడలో పక్కనే ప్రత్యేక రెస్టారెంట్లుంటాయి. చాలావరకు అక్కడ తింటే వేరే బిల్లు. కూల్‌డ్రింకులు, తాజా పండ్లరసాలు, పేరున్న కంపెనీల కాఫీ, మద్యం... వీటికీ చాలా ఓడల్లో విడిగా కట్టాలి. కొన్నింట్లో సీసా నీళ్లకీ డబ్బులే.

పైగా ఓడలో చేతికి నోటు ఇచ్చే పని ఉండదు. ఎక్కగానే ఒక కార్డు ఇస్తారు. గది తలుపు తెరవడానికీ అదే, కొన్నదానికి లెక్క రాయడానికీ అదే. డబ్బు కళ్లముందు కదలదు కాబట్టి ఎంతైందో తెలియదు. పిల్లల చేతిలో ఆ కార్డుంటే ఐస్‌క్రీమ్‌లు, వీడియో గేములు కలిసి చివరిరోజు పెద్ద అంకె చూపిస్తాయి. పిల్లల కార్డుల మీద కొనుగోళ్లు ఆపేయమని మొదటిరోజే రిసెప్షన్‌లో చెప్పొచ్చు. రోజూ రాత్రి ఓసారి బిల్లు చూసుకుంటే తప్పు లెక్క పడినా అప్పుడే తేల్చుకోవచ్చు. అంతర్జాతీయ ఓడల్లో సిబ్బందికి టిప్పు కింద మనిషికి రోజుకింత అని దానంతటదే బిల్లులో చేరుతుంది. నలుగురు నాలుగు రోజులుంటే అది పదహారు రెట్లవుతుంది.

రుచి సంగతి? మన తీరంలో తిరిగే ఓడల్లో ఇడ్లీ, దోసె, పప్పు, అన్నం దొరుకుతాయి. శాకాహారం, జైన భోజనం ప్రత్యేకంగా ఉంటాయి. సింగపూర్ వైపు తిరిగే ఓడల్లోనూ భారతీయ ప్రయాణికులు ఎక్కువే కాబట్టి మన వంటకాలుంటాయి. ఉగ్గాని బజ్జీ, రాగిసంగటి, ఊరుబిండి మాత్రం అడక్కండి! ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లు, వేరుశనగ పడనివాళ్లు, సుగరున్నవాళ్లు ఎక్కాక చెబితే సరిపోదు. టికెట్ బుక్ చేసేటప్పుడే రాసివ్వాలి.

ఇంట్లో వండిన పులిహోర, పచ్చడి జాడీలు చాలా ఓడలు లోపలికి అనుమతించవు. పసిపిల్లల ఆహారం, మూత తీయని బిస్కెట్ ప్యాకెట్లలాంటి వాటికి కొన్నిచోట్ల మినహాయింపు ఉంటుంది. ఇదేదో వ్యాపార తెలివి మాత్రమే అనుకోనక్కర్లేదు. వేలమంది ఒకేచోట తినే ఓడలో ఒకరికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే రెండురోజుల్లో వందమందికి పాకొచ్చు. నోరోవైరస్ అనే క్రిమికి ఓడలంటే మహా ఇష్టం. దాని మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. బఫేకి వెళ్లేముందు సబ్బుతో చేతులు కడుక్కోవడమే మందు.

కొన్ని ఓడల్లో రాత్రి భోజనం రెండు పంక్తులు. ఒకటి పెందలాడే, ఇంకోటి ఆలస్యంగా. ఎనిమిదింటికల్లా తిని పడుకునే పెద్దవాళ్లుంటే మొదటి పంక్తే కోరుకోవాలి. కొన్ని రాత్రులు 'ఫార్మల్ నైట్' అంటారు. ఆ మాటకి కంగారు పడక్కర్లేదు. ధర్మవరం పట్టుచీర కట్టుకున్న ఆడవాళ్లకన్నా పద్ధతిగా ఆ హాల్లో ఎవరుంటారు? ఈతకొలనుకి మాత్రం చీర, నూలు బట్టలు పనికిరావు. ఈత దుస్తులు వేసుకోవాల్సిందే.

ఓడ ఎవరికోసమూ ఆగదు

హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి చెన్నై మరో 350 కిలోమీటర్లు. విశాఖ వెళ్లాలంటే ఈ దారినే వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. ముంబయికి ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఏది ఎక్కినా రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. ఓడ బయల్దేరే సమయానికి గంటకు పైగా ముందే చెక్‌ఇన్ మూసేస్తారు. మీ వల్ల కాకపోయినా, ఎక్కలేకపోతే టికెట్ డబ్బులు తిరిగిరావు. అందుకే ఒకరోజు ముందే రేవున్న ఊరికి చేరుకోవాలి. ఒక రాత్రి హోటల్ ఖర్చు దండగ అనిపించొచ్చు. మొత్తం యాత్ర పోవడం కన్నా అది చవకే.

మన తీరంలో ఓడలు ఏ నెలలో ఎటు తిరగాలో రుతుపవనాలే నిర్ణయిస్తాయి. జూన్ నుంచి అరేబియా సముద్రం పోటెత్తుతుంది కాబట్టి ఆ నెలల్లో 'ఎంప్రెస్' చెన్నై వైపు వస్తోంది. చలికాలంలో ముంబయి, గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు తిరుగుతోంది. షెడ్యూలు ఏటేటా మారుతుంది కాబట్టి సెలవు పెట్టేముందు సంస్థ దగ్గర సరిచూసుకోవాలి. ఇంకో సంగతి... వాతావరణం బాగోలేకపోతే ఏదైనా రేవులో ఆగకుండా వెళ్లిపోయే అధికారం కెప్టెన్‌కి ఉంటుంది. అప్పుడు ఆ రేవు రుసుము వెనక్కివ్వొచ్చేమో గానీ, టికెట్ డబ్బులు ఇవ్వరు.

దాచిపెడితే... దక్కదు

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది బీమా. చాలామంది 'మాకు హెల్త్ ఇన్సూరెన్స్ ఉందిగా' అంటారు. ఆ పాలసీ తీసి చదివితే రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, మామూలు ఆరోగ్య బీమా ఎక్కువగా భారతదేశంలోని ఆసుపత్రులకే వర్తిస్తుంది. రెండు, చాలా చికిత్సలకు కనీసం 24 గంటలు ఆసుపత్రిలో చేరి ఉండాలి. ఓడలో డాక్టరు ఉంటారు, నర్సులుంటారు. ప్రాణం నిలబెట్టే అత్యవసర చికిత్స చేస్తారు. కానీ అది ఆసుపత్రి కాదు. చూసినందుకు ఫీజు, మందులకు డబ్బులు... అన్నీ గది బిల్లులోకి వెళ్తాయి. జ్వరానికి మాత్ర ఇచ్చినా అంతే. అంతకన్నా పెద్ద జబ్బయితే రోగిని ఒడ్డుకి చేర్చాలి. దగ్గర్లో రేవు లేకపోతే హెలికాప్టర్ రావాలి. ఆ ఖర్చు లక్షల్లో ఉంటుంది.

కాబట్టి విదేశీ ఓడ ప్రయాణానికి ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి అనుకోవాలి. అందులోనూ ఓడ ప్రయాణం వర్తిస్తుందా, రోగిని ఒడ్డుకి తరలించే ఖర్చు ఎంతవరకు ఇస్తారు అన్నవి చూసుకోవాలి. కొన్ని పాలసీల్లో క్రూయిజ్‌కి విడిగా అదనపు ప్రీమియం కట్టాలి. మన తీరంలోనే తిరిగినా 'ఓడలో చేసిన వైద్యానికి మా పాలసీ వర్తిస్తుందా?' అని బీమా సంస్థకి ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. ఏజెంటు నోటిమాట క్లెయిము రోజున సాక్ష్యం చెప్పదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ప్రతిపాదన పత్రంలో 'ఇప్పటికే ఏవైనా జబ్బులున్నాయా?' అని ఓ ప్రశ్న ఉంటుంది. నాన్నకి పదేళ్లుగా సుగరు. రెండేళ్ల కిందట స్టెంటు వేశారు. అవి రాస్తే ప్రీమియం పెరుగుతుందనో, పాలసీ ఇవ్వరనో 'లేవు' అని టిక్కు పెట్టేస్తారు. కొన్నిసార్లు కొడుకే పెడతాడు, కొన్నిసార్లు ఏజెంటు పెట్టేస్తాడు. నడిసముద్రంలో గుండెనొప్పి వస్తే ఓడ డాక్టరు మొదట అడిగేదే పాత జబ్బుల గురించి. ఆ సంగతి ఆయన రాసే కాగితంలో ఉంటుంది. బీమా సంస్థ ఆ కాగితాన్నీ, మన టిక్కునీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. అంతే... కొన్ని వందల రూపాయలు మిగుల్చుకోబోయి లక్షల బిల్లు నెత్తినేసుకున్నట్టవుతుంది.

ఉన్నది ఉన్నట్టు రాసినా, చాలా పాలసీలు పాత జబ్బులకు ప్రాణాపాయం వచ్చినప్పుడు మాత్రమే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తాయి. ఆ పరిమితి ఎంతో చదివాక కూడా ధైర్యం చాలకపోతే నాలుగు రోజుల యాత్రను రెండు రోజులకి తగ్గించుకోవచ్చు. ఒడ్డుకి దగ్గరగా తిరిగే మార్గం ఎంచుకోవచ్చు. గర్భిణులకు 24 వారాలు నిండితే చాలా సంస్థలు ఓడెక్కనివ్వవు. ఆరునెలల లోపు పసిపిల్లల్నీ అంతే.

యాత్ర రద్దు సంగతీ బీమాలో భాగమే. ప్రయాణం దగ్గరపడేకొద్దీ రద్దు చేసుకుంటే తిరిగొచ్చేది తగ్గిపోతుంది. ఆఖరి రోజుల్లో ఏమీ రాదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఆగిపోతే 'ట్రిప్ క్యాన్సిలేషన్' ఉన్న పాలసీ ఆదుకుంటుంది. 'మనసు మారింది' అంటే ఆదుకోదు. ఓడ నడిపే సంస్థే మూతపడితే? అలాంటి నష్టాన్ని చాలా పాలసీలు భరించవు. ఏడాది ముందే మొత్తం డబ్బు కట్టేయకుండా వాయిదాల్లో కట్టడం మేలు.

క్లెయిముకి కావాల్సినవి కాగితాలే. ఓడ డాక్టరు సంతకం ఉన్న పత్రం, అసలు బిల్లులు, చీటీలు, రైలు లేదా విమానం ఆలస్యమైతే ఆ ధ్రువపత్రం... అన్నీ అక్కడే తీసుకోవాలి. దిగి ఇంటికొచ్చాక తెప్పించుకోవడం మాటలు కాదు. జబ్బు చేసిన వెంటనే బీమా సంస్థ నంబరుకి కబురు చేయాలి. న్యాయమైన క్లెయిముని తిరస్కరిస్తే మొదట సంస్థకే ఫిర్యాదు రాయాలి. నెలలోగా సమాధానం రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ని ఆశ్రయించొచ్చు. దీనికి లాయరూ అక్కర్లేదు, ఫీజూ లేదు. ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్ 155255. టికెట్ అమ్మినవాళ్ల మీద ఫిర్యాదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఏడు చిన్న కూతలు... ఒక పెద్ద కూత

బీమా డబ్బిస్తుంది, ప్రాణమివ్వదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ఠ' బోటు మునిగి పదుల మంది చనిపోయారు. ఆ రోజుని తెలుగువాళ్లు మరిచిపోలేరు. ఏరైనా సముద్రమైనా మొదటి పాఠం లైఫ్ జాకెట్టే. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో 'కోస్టా కాంకార్డియా' బండను గుద్దుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన ప్రయాణికులకి అత్యవసర కసరత్తు ఇంకా జరగనేలేదు. తర్వాత నిబంధన మార్చారు. ఇప్పుడు ఓడ బయల్దేరకముందో, బయల్దేరిన వెంటనేనో ఆ కసరత్తు జరగాల్సిందే. ఏడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత వినిపిస్తే ప్రమాద సంకేతం. మీ గుంపు ఎక్కడ చేరాలో గది తలుపు మీద రాసుంటుంది. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు. ముందు ఆ దారిలో ఒకసారి నడిచి రావాలి, పెద్దవాళ్లతో కలిసి.

సంతకం పెట్టేముందు...

* ప్రకటనలోని ధరకి రేవు రుసుము, జీఎస్‌టీ, సర్వీసు ఛార్జీ కలిపి ఎంతవుతుందో ఒకే కాగితం మీద రాయించుకోండి. విదేశీ ప్యాకేజీకి టీసీఎస్ కూడా పడుతుంది. దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

* టికెట్ ధరలో మూడోవంతైనా పైఖర్చులకి విడిగా పెట్టుకోండి.

* మన దేశంలోని రేవుల మధ్య తిరగడానికి ఏ గుర్తింపుకార్డు చాలో అడగండి. పరాయి దేశపు రేవు ఒక్కటున్నా పాస్‌పోర్టు కావాలి. సింగపూర్‌లో ఓడెక్కి మళ్లీ అక్కడే దిగేవాళ్లు రెండుసార్లు ప్రవేశానికి వీసా పనికొస్తుందో లేదో చూసుకోవాలి.

* మందులు, చీటీలు చేతిసంచిలోనే ఉంచుకోండి. పెద్ద పెట్టెలు గదికి చేరడానికి గంటలు పట్టొచ్చు.

* తీరం దాటగానే ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఓడ నెట్‌వర్క్ మీద రోమింగ్ ఛార్జీ చాలా ఎక్కువ.

అంత ఖర్చు వద్దనుకుంటే...

సముద్రం చూడటమే ముఖ్యమనుకునేవాళ్లకి ఇంకో దారుంది. చెన్నై, విశాఖల నుంచి అండమాన్‌కి ప్రయాణికుల ఓడలు నడుస్తుంటాయి. 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్‌బ్లెయిర్‌కి చేరడానికి అటూ ఇటుగా అరవై గంటలు. రైల్లో మాదిరే బంక్ తరగతి, కేబిన్ తరగతులుంటాయి. భోజనం క్యాంటీన్‌లో. ఆటపాటలుండవు, ఈతకొలనుండదు. తేదీలు ముందుగా ఖాయం కావు కాబట్టి సెలవులు తక్కువున్నవాళ్లకి కుదరదు. కానీ రెండు రాత్రులు, మూడు పగళ్లు చుట్టూ అదే సముద్రం!

సూట్‌లో ఉన్నవాళ్లకైనా, బంక్‌లో ఉన్నవాళ్లకైనా పొద్దు పొడిచేది ఒకేలా. కాగితాలన్నీ ముందే చదివి సంతకం పెట్టినవాళ్లు మాత్రం ఆ పొద్దుని కాస్త నిశ్చింతగా చూస్తారు.